గేటు దగ్గర గంటన్నర

"కుర్చీ ఇస్తే వాచ్‌మన్ నిద్రపోతాడండీ," అన్నాడు పవర్‌పేట అపార్ట్‌మెంట్ సెక్రటరీ నరసరాజు.

"నిలబెడితే ఏమవుతాడో చూడండి." రిటైర్డ్ లెక్చరర్ లక్ష్మీకాంతం వాచ్‌మన్ మునీర్ వాచిన పాదాలను చూపించింది. "డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. వచ్చేదాకా గేటు కాపలా మీది."

గంటన్నరకు వాళ్ల ఆటో తిరిగొచ్చి హారన్ కొట్టింది. గోడవార బోర్లించిన పెయింటు బకెట్ మీంచి నరసరాజు దిగ్గున లేచాడు.

ఆ ఉలికిపాటును మునీర్ వెంటనే గుర్తుపట్టాడు. ఆరేళ్లుగా ఏ కారు హారన్ వినిపించినా, అదే బకెట్ మీంచి అలాగే లేస్తున్నది తనే.

"కూర్చోండి సార్, ఎవరికీ చెప్పను," అన్నాడు నవ్వాపుకుంటూ.

నరసరాజు నడుం పట్టుకున్నాడు. "నువ్వు కూర్చో మునీర్. మా ఇంట్లోంచి కుర్చీ తెస్తాను."

"మెత్తనిది తెండి రాజుగారూ," అంది లక్ష్మీకాంతం. "రేపు ఈయనకు రక్తపరీక్ష. గేటు మళ్లీ మీదే."