ద్వీపంలో చివరి పేదరాలు

మా ద్వీపంలో సేవా సంఘాలు మూడు వందలు దాటాయి. సాయం పుచ్చుకోవడానికి మాత్రం అప్పలనరసమ్మ ఒక్కతే మిగిలింది. ఆవిడ దగ్గితే చాలు, గోడమీది యంత్రం అన్ని సంఘాలకూ కబురు పెడుతుంది. ఎవరొచ్చినా ముందు ఫొటో, ఆ తర్వాతే సాయం.

ఆ ఉదయం ఇద్దరు కార్యదర్శులు చెరో కుట్టుమిషనూ మోసుకొచ్చి, నేను ముందంటే నేను ముందని గుమ్మంలో ఇరుక్కుపోయారు. ఆవిడ జాలిపడి, వాళ్లను లోపలికి లాగి టీ ఇచ్చింది.

వెంటనే యంత్రం పలికింది: "అప్పలనరసమ్మగారు సేవ చేశారు. ఇకనుంచి ఆవిడా సేవా సంఘమే. పేదల జాబితా ఖాళీ. పాత సంఘాలన్నీ రద్దు."

"కొంప మునిగింది! ఆ టీ వెనక్కి తీసుకోండమ్మా!"

"తాగేశారు కదా నాయనా. మరి రేపటినుంచి మీ బతుకుతెరువు?"

ఇద్దరూ ఖాళీ కప్పులు ముందుకు చాపారు.

"ఇంకో కప్పు ఇస్తాలే," అంది అప్పలనరసమ్మ, వాళ్ల కెమెరా అందుకుంటూ. "ముందు ఇటు చూడండి. కాస్త దీనంగా."