ఎర్ర బటన్

"సార్, సభ్యుల బల్లలన్నీ చూశాను. పచ్చ బటన్ నొక్కితే గోడ మీది బోర్డులో ఓటు పడుతోంది. ఎర్ర బటన్ వైరు మాత్రం బోర్డుకి వెళ్ళడం లేదు," అన్నాను శాసనసభ కార్యదర్శితో.

"వెళ్ళదు."

"మరి 'వద్దు' అనేవాళ్ళ ఓటు?"

"'వద్దు' అనే హక్కు అందరికీ ఉందయ్యా! చట్టంలోనే రాశాం."

"పోనీ, ఆ వైరు పీకెయ్యనా? ఎలాగూ దండగే కదా."

ఆయన గబుక్కున నా చేతిలోని కటింగ్ ప్లయర్ లాక్కున్నాడు. "కొంప ముంచేట్టున్నావే! అది తిన్నగా నాయకుడుగారి గదికి వెళ్తుంది. ఎవరు నొక్కారో ఆయనకి తెలియొద్దూ?"

నేను వైరు లోపలికి తోసి బల్ల మూత వేసేశాను.

"ఇంతకీ ఈ ఏర్పాటు నీకు నచ్చిందా? ఏదో ఒకటి నొక్కి చెప్పు. టెస్టింగూ అయిపోతుంది."

పచ్చది నొక్కాను.

బోర్డు మీద పెద్ద అక్షరాలు వెలిగాయి: ఏకగ్రీవం.