మునిగే పడవలో టికెట్లు

లిఫ్టు మళ్లీ చెడిపోయింది.

జ్రెన్యానిన్ ఊళ్లోని ఆ పాత భవనంలో అది పని చేసిన రోజే వార్త.

మూడో అంతస్తు మెట్ల దగ్గర ఒక పెద్దావిడ గోడ పట్టుకుని ఆయాసపడుతోంది. జోరిత్సా తలుపు తీసి చూసింది.

"ఎన్నో అంతస్తు, ఆంటీ?"

"ఐదు. ఇది కట్టినవాణ్ని రోజూ ఎక్కిస్తే తెలిసొచ్చేది."

"లోపలికొచ్చి కూర్చోండి. కాఫీ పెడతాను."

లోపల జోరిత్సా తండ్రి మిలోరాద్ టీవీ ముందు కుర్చీలో ఉన్నాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చి సగం ముఖం, ఒక చెయ్యి, మొత్తం మాటా పోయాయి.

గురువారం డాక్టర్లు వస్తారు. ఏదైనా అర్థమవుతున్నట్టు కనిపిస్తే మాట నేర్పే ఆసుపత్రికి తీసుకెళ్తారు. లేదంటే మంచాన పడ్డవాళ్ల వార్డుకు. ఆ వార్డుకు వెళ్లి తిరిగొచ్చినవాళ్లను జోరిత్సా ఇంతవరకూ చూడలేదు.

అందుకే, ఆయన్ని ఒక్కసారైనా నవ్వించాలని ఓటీటీకి చందా కట్టింది. అందులో 'ఏకబిగిన చూసి తీరాల్సిన పాత ఆణిముత్యాలు' అని ఒక జాబితా. మొదటి పేరే నాన్నకు ప్రాణమైన ఇంగ్లీషు హాస్య సీరియల్, 'పాత పడవ'. చిల్లుల పడవ నడిపి బతికే ఇద్దరు అన్నదమ్ముల కథ.

దేశం మీద ఆంక్షలున్న రోజుల్లో అది టీవీలో వచ్చే వేళకు వీధిలో పురుగు కూడా ఉండేది కాదు. పడవలోకి నీళ్లొస్తుంటే పెద్దన్న టోపీ సర్దుకుని అనేవాడు: "మునిగిపోతున్నాం. అయినా టికెట్లు చూపించండి."

పెట్రోలు లేదు, రొట్టె లేదు, జీతాల్లేవు. రొట్టె కోసం వరసలో నిలబడి ఊరంతా అదే మాట అనుకుని నవ్వుకునేది. బస్సు ఆగిపోతే మిలోరాద్ వెనక్కి తిరిగి అదే అనేవాడు. తిట్టబోయినవాళ్లు కూడా నవ్వేసేవారు.

ఇప్పుడు అదే సీను. తెర కింద కొత్త అనువాదం అక్షరాలు పడ్డాయి: "దయచేసి అందరూ ప్రశాంతంగా ఉండండి."

మిలోరాద్ గోడను చూసినట్టు చూశాడు. వారం రోజులుగా ఇంతే.

పెద్దావిడ మూతి విరిచింది. "ఇదేం రాత? ఉప్పు లేని సూపులా ఉంది."

"మీకు ఇంగ్లీషు వచ్చా?"

"ఏదో, కొద్దిగా."

ఈ ఊళ్లో అందరికీ అన్నీ కొద్దికొద్దిగా వచ్చు. జోరిత్సా నవ్వుకుని వంటింట్లోకి వెళ్లింది.

కాఫీ పొంగు వస్తుండగా గదిలోంచి గొంతులో ఏదో అడ్డం పడ్డ చప్పుడు వినిపించింది. పరిగెత్తుకొచ్చింది.

నాన్న ముఖం వంకర్లు తిరిగిపోతోంది. కళ్ల నిండా నీళ్లు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెద్దావిడ ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో చెబుతూ, ఒక్కో మాటకీ కుర్చీ చేతి మీద వేలితో నొక్కుతోంది.

"ఏం చేశారు ఆయన్ని?"

"కంగారు పడకమ్మాయ్. నవ్వుతున్నాడు."

"ఊపిరాడక గిలగిల్లాడుతుంటే నవ్వంటారేంటి? లేవండి ముందు!"

"ఇంకొక్క సీను..."

"లేవమన్నానా!"

ఆవిడ సంచీ తీసుకుంది. కాఫీ ముట్టలేదు. గుమ్మం దగ్గర ఆగి, "రేపు వస్తాను, పది నిమిషాలే," అంది.

"అక్కర్లేదు. రాకండి."

తలుపు వేసేసింది. మిలోరాద్ చాలాసేపు తలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ మళ్లీ వస్తుందేమోనని భయపడుతున్నాడనుకుంది జోరిత్సా.

బుధవారం వచ్చింది. ఎన్ని భాగాలు పెట్టినా నాన్నలో చలనం లేదు. ఆ పాత మాట ఉంటే నవ్వేవాడేమో! జోరిత్సా అప్పట్లో ఆ సీరియల్ వేసిన టీవీ కేంద్రానికి ఫోన్ చేసింది. అయిదారు చోట్లకు తిప్పితిప్పి, చివరికి పాత టేపులు చూసుకునే పెద్దాయనకు కలిపారు.

"ఆ మాట అసలు సీరియల్లోనే లేదమ్మా. అనువాదం చేసినావిడ సొంతంగా రాసింది."

"ఆ పాత రాతంతా దొరుకుతుందా?"

"ఎవరూ దాచలేదు. సగం కాగితం మీద కూడా ఉండేది కాదు, ఆవిడ బుర్రలోనే. సీరియల్ వస్తుంటే ఆవిడే కూర్చుని, తెర కింద అక్షరాలు పడేలా ఒక్కో మాటకీ మీట నొక్కేది."

"ఆవిడ... ఉన్నారా?"

"లేకేం, దివ్యంగా ఉంది. మూడు నెలల క్రితం మీ ఊరికే వచ్చేసింది. ఎదురుగా కూర్చోబెడితే మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పేస్తుంది. పేరు రాసుకోండి, కోవిల్కా రాద్లోవాచ్కి. చిరునామా మధ్యాహ్నంలోగా కనుక్కుని చెబుతాను."

కాగితం దొరక్క అరచేతిలో రాసుకుంది. రెండు నెలల తర్వాత మొదటిసారి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"నాన్నా, రేపు డాక్టర్ల ముందు నువ్వు నవ్వుతావు చూడు. కాళ్లు పట్టుకునైనా ఆవిణ్ని తీసుకొస్తా."

అలాంటావిడ ఇంటికి ఉత్త చేతులతో వెళ్లకూడదు. కాఫీ పొడీ, మిఠాయి డబ్బా కొనడానికి గబగబా మెట్లు దిగింది.

కింద వీధి తలుపు మీద భవనం చూసుకునే పాయా ఒక చావు కబురు కాగితం అంటిస్తున్నాడు.

"ఎవరు, పాయా?"

"ఐదో అంతస్తు ఆవిడ. నిన్న గుండె ఆగిపోయింది. నా అన్నవాళ్లు లేరు పాపం. ఎవరింటికీ వెళ్లినట్టు కూడా లేదు."

జోరిత్సా దగ్గరికొచ్చి కాగితం మీది ఫొటో చూసింది. మొన్న తను లేవగొట్టి పంపిన మనిషే.

నల్ల అంచు కాగితం మీద ఆ ముఖం కింద ఉన్న పేరు, జోరిత్సా అరచేతిలో ఉన్న పేరే.