ఉత్తరపు దారి

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు లెనోరా మూడోసారి పోస్టు పంపే మీట నొక్కింది. మూడోసారీ అదే జవాబు వచ్చింది: "ఈ దేశంలో వార్తలు చూపలేము."

ఆమె పంపాలనుకున్నది నాలుగు ముక్కలు. ఉత్తరపు దారి మూసేశారు. అడవి మంట ఇరవై రెండో కిలోమీటరు దగ్గర రోడ్డు దాటింది. హార్పర్ బే వాళ్లంతా రేవుకు రండి. నాలుగింటికి పడవలు వస్తాయి.

హార్పర్ బే సరస్సుకు అవతలి ఒడ్డు. నలభై ఇళ్లు. సెల్ సిగ్నల్ లేదు. ఇంటి కప్పు మీద డిష్ ఉంటే ఇంటర్నెట్ ఉంటుంది. అక్కడివాళ్లు తెరిచేది సోషల్ మీడియాలో వాళ్ల గ్రూపు ఒక్కటే. చేపల బేరం, జనరేటర్ రిపేరు, తప్పిపోయిన కుక్క, అన్నీ అందులోనే. బయటివాళ్లను చేర్చుకోరు. అమ్మ తరఫు క్యాబిన్ ఒకటి అక్కడ ఉంది గనక లెనోరాకు చోటు దొరికింది.

వార్తలు చూపిస్తే పత్రికలకు డబ్బు కట్టాలని ప్రభుత్వం చట్టం చేసింది. కట్టం, అసలు వార్తలే చూపం అంది ఆ గ్రూపులు నడిపే కంపెనీ. ఆబోతులు పోట్లాడుకుంటే విరిగేది లేగల కాళ్లు. ఈ లేగ లెనోరా నడిపే వారపత్రిక.

ప్రకటనలు చూసే క్లెమ్ వెనక నుంచి తొంగి చూశాడు.

"పత్రిక పేరు తీసేయ్. లింకు వద్దు. నీ మాటగా రాసి పెట్టు."

"నా మాట ఎవడు నమ్ముతాడు? పోయిన నెల ఎలుగుబంటి తిరుగుతోందని పెడితే, 'పేపర్లో వస్తే చూద్దాంలే' అన్నారు."

"పేపరు నడిపేది నువ్వే కదా."

"అదే మరి. పేరు ఉంటే కంపెనీ పోనివ్వదు. పేరు లేకపోతే వీళ్లు నమ్మరు."

అయినా పేరు తీసేసి రాసింది. తెర తెల్లబడింది. "మీ ఖాతాలో అసాధారణ కదలిక కనిపించింది. ఇరవై నాలుగు గంటల తర్వాత ప్రయత్నించండి." గ్రూపు మాయమైంది. అభ్యంతరం చెప్పుకోవడానికి కింద ఒక మీట ఉంది. నొక్కింది. "మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు" అని వచ్చింది.

"మనిషితో మాట్లాడే నంబరు లేదా?" అన్నాడు క్లెమ్.

"అక్కడ మనుషులున్నారని నీకెవరు చెప్పారు?"

అచ్చు ప్రతులు బుధవారం టపా పడవలో వెళ్తాయి. ఇవాళ గురువారం. వచ్చే బుధవారం దాకా ఆగే మంట కాదు. పొద్దున గాలి దిక్కు మార్చుకుంది. అప్పటి నుంచి గంటకు రెండు కిలోమీటర్లు నడుస్తోంది.

అగ్నిమాపక కార్యాలయంలో గుర్‌దీప్ ఫోన్ ఎత్తాడు.

"మా పేజీలో పదింటికే పెట్టాం లెనోరా."

"ఎంతమంది చూశారు?"

"పదకొండు మంది. అందులో ఆరుగురం మేమే."

మూడు ముప్పావుకు అతనే మళ్లీ చేశాడు. పడవలు ముందే చేరాయి.

"రేవులో నలుగురే ఉన్నారు. మిగతావాళ్లు ఉత్తరపు దారి పట్టారట."

"మూసేశారుగా?"

"గ్రూపులో ఏదో ఫొటో తిరుగుతోందట. దారి బాగుంది, అటే వెళ్లండి అని. రెండున్నరకు ఎవరో పెట్టారు. అరగంటలో బే అంతా పాకింది."

"ఎవరు పెట్టారు?"

"పడవవాళ్లు విన్నది చెప్పారు, అంతే. నేను చూడలేదు. వాడు దొరికితే తోలు తీస్తాను."

"నాకు దొరికితే నీ దాకా రానివ్వను."

ఆమె ఫోన్ పెట్టేసింది. తన నాలుగు ముక్కలను నాలుగుసార్లు ఆపిన యంత్రం ఆ ఫొటోను ఒక్కసారి కూడా ఆపలేదు.

నాలుగూ ఇరవైకి ఆఫీసు ఫోన్ మోగింది. ఆర్విల్ మాస్టారు. డెబ్బై ఎనిమిదేళ్లు. ఆమెకు బడిలో రాయడం నేర్పింది ఆయనే. శాటిలైట్ ఫోన్‌లో మాట ఆగి ఆగి వస్తోంది.

"అమ్మాయ్, పంతొమ్మిదో కిలోమీటరు దగ్గరున్నాం. పదహారు బండ్లు. ముందు మంట. వెనక్కి పోదామంటే పద్నాలుగు దగ్గర చెట్లు కూలాయి."

లెనోరా కళ్లు మూసుకుంది. పత్రిక కోసం ఆ దారిని మంగళవారం కారులో చివరి దాకా చూసి వచ్చింది.

"మాస్టారూ, పదిహేడు దగ్గర కంకర గుంట ఉంది. మీరు తిరిగొస్తుంటే కుడిచేతి వైపు. అక్కడ చెట్టు లేదు, గడ్డి లేదు. బండ్లన్నీ అందులోకి దించండి. మధ్యలో ఆపండి. అద్దాలు ఎక్కించుకోండి. ఫోన్ పెట్టకండి."

క్లెమ్ రెండో ఫోన్‌లో గుర్‌దీప్‌కు చెబుతున్నాడు. హెలికాప్టర్‌కు గంట పడుతుందట. అదీ పొగ తగ్గితే.

ఫోన్‌లో బండ్లు తిరుగుతున్న చప్పుడు. ఒక కుక్క. ఎవరో ఆవిడ పేర్లు పిలిచి లెక్కపెడుతోంది. తర్వాత చాలాసేపు కంకర మీద చక్రాలు.

"దిగాం," అన్నాడు ఆర్విల్. దగ్గాడు. "పదహారూ వచ్చాయి. చుట్టూ ఎర్రగా ఉంది. ఇక్కడికి రాలేదు ఇంకా."

"రాదు మాస్టారూ. కదలకండి."

అప్పుడు ఆమెకు కోపం వచ్చింది.

"మీరు కూడా ఏమిటి మాస్టారూ? ఎవడో ఫొటో పెడితే నమ్మి బయల్దేరారా? కింద పేరు లేని కాగితాన్ని చదవనే చదవద్దని మాకు చెప్పింది మీరే కదా."

"పేరు చూసే బయల్దేరాను అమ్మాయ్," అన్నాడు ఆర్విల్. "ఆ ఫొటో నిన్నటి నీ పత్రికలో మొదటి పేజీది, కింద నీ పేరే ఉంది."