బావకు వైద్యం

"దిగులట, దిగులు! తిన్నదరక్క ఆడే నాటకాలు," అని బావ రోజూ కసిరేవాడు. చివరికి ఆ దిగులుతోనే అక్క ప్రాణం తీసుకుంది.

ఆ కసితోనే చెల్లెలు డాక్టరై, దిగులు పట్టిన మెదడులో తగ్గిపోయే ప్రోటీన్ కోసం ఏళ్ల తరబడి ల్యాబ్‌లో వెతికింది. దాన్ని పెంచే మందూ కనిపెట్టింది.

ఒకరోజు బావే ఆమె గదిలోకి వచ్చి కూలబడ్డాడు. "రాయినైపోయానమ్మా. ఏడుద్దామన్నా ఏడుపు రావట్లేదు."

"వాడి మీద జాలేమిటే నీకు?" అని తల్లి మండిపడింది. చెల్లెలు మాత్రం బావకు దగ్గరుండి మందు మింగించింది.

రెండు నెలలకు బావ ఫోన్‌లో భోరుమన్నాడు. "మీ అక్కని ఎన్నేసి మాటలన్నాను తల్లీ! ఒక్కొక్కటీ గుచ్చుకుంటోంది. నిద్ర పట్టట్లేదు."

ఆమె ఎన్నేళ్లకో హాయిగా కుర్చీలో వెనక్కి వాలింది. "మీ మనసు మళ్లీ పనిచేస్తోంది బావగారూ. మందు మానకండి."