రెండు రోజుల కుర్చీ

దేవుడు అన్నీ చూస్తూనే ఉంటాడని భార్య అన్నప్పుడల్లా వడ్రంగికి ఒకటే అనుమానం. చూస్తూ ఊరుకున్నాడా, లేక చూడటమే మానేశాడా? ముప్పై ఏళ్లుగా తేలని ఆ అనుమానం, హాలు మధ్యలో చుట్టూ తాడు కట్టి నిలబెట్టిన కుర్చీని చూడగానే మళ్లీ తల ఎత్తింది.

కుర్చీ అతను చేసిందే. భార్యకు ఎడమ తుంటి సరిగా వంగదు. అందుకే కూర్చునే పలకను ఎడమవైపు రెండు వేళ్లు కిందికి వాల్చాడు. "రెండు రోజులుంచుకుని తెచ్చిస్తా" అని పట్టుకెళ్లిన ఆర్కిటెక్టు మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ వాలు ఆయన ఊహేనని పుస్తకాలొచ్చాయి. ఆ వాలుతోనే ఆయన బ్యాంకులు కట్టాడు, విమానాశ్రయం కట్టాడు, పేరు కట్టుకున్నాడు.

"బాబాయ్ గారూ, ఇవాళ సార్ రిటైరవుతున్నారు కదా," అంది ప్రదర్శన చూసుకునే అమ్మాయి. "చివర్లో కుర్చీలో కూర్చోవడం, ఫొటోలు ఉంటాయి. ఇన్నేళ్లూ దాని మీద ఎవరూ కూర్చోలేదు. గట్టిగా ఉందో లేదో ఓసారి చూస్తారా?"

"ఆయనేనా కూర్చునేది?"

"ఇంకెవరండీ? కుర్చీ ఆయనదేగా."

ముందు వరసలో కూర్చున్న భార్య మురిసిపోతోంది. "చూశావా, ఇద్దర్నీ రమ్మని కబురు పెట్టాడు. నే చెప్తూనే ఉన్నా."

"ఆఁ, పెట్టాడు. పెళ్లికి పిలిచి గిన్నెలు తోమించినట్టు."

"నోరు చేదు చేసుకోకు. అన్నం తినేవాడెవడూ అంత మర్చిపోడు."

"ఈయన తినేది అన్నం కాదేమో."

వడ్రంగి తాడు దాటి, మోకాళ్ల మీద కూర్చుని కుర్చీ కిందికి తల దూర్చాడు. ఇరుకు మెట్లెక్కించడానికి విప్పుకునేలా చేసిన కుర్చీ అది. మేకుల్లేవు, జిగురు లేదు. వెనక కాలినీ పలకనీ పట్టి ఉంచేది వేలెడంత చెక్క చీల ఒక్కటే. చీల ఎక్కడుందో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక్క దెబ్బ కొట్టి బిగిస్తే ఇంకో ముప్పై ఏళ్లు కదలదు.

'కుర్చీ ఆయనదేగా.'

పైనున్న దేవుడు చూడకపోతే మనమే చూసుకోవాలి అనుకున్నాడు. చీల లాగి జేబులో వేసుకున్నాడు. కుర్చీ ఏమీ ఎరగనట్టే నిలబడింది.

"గట్టిగా ఉందమ్మా. కూర్చోమను."

పడేది బాగా కనబడాలని, హాలు చివర తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

ఆర్కిటెక్టు మైకు ముందుకొచ్చాడు. చేతిలో ఉపన్యాసం రాసుకున్న కాగితం. కాసేపు దాన్ని చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీరంతా మెచ్చుకున్న ఆ వాలు నాది కాదు," అన్నాడు. "అదుగో, తలుపు దగ్గర నిలబడ్డాడే, ఆ వడ్రంగిది. రెండు రోజులకని తెచ్చుకున్నాను. ఒప్పుకునే ధైర్యం రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది."

హాలంతా లేచి వెనక్కి తిరిగింది. చప్పట్లు. ఎవరో అతని చేతులు పట్టుకున్నారు, ఎవరో కళ్లకద్దుకున్నారు. జేబులో చీల తొడకు గుచ్చుకుంది.

"వద్దు," అన్నాడు వడ్రంగి. "ఆగండి, కూర్చో..."

"మొహమాటపడకండి బాబాయ్ గారూ," అంటూ ఆ అమ్మాయి ఏడుస్తూ నవ్వింది.

జనాన్ని తోసుకుంటూ నాలుగడుగులు వేశాడు. తలల మధ్య నుంచి కనిపించింది: తాడు తీసేశారు. ఆర్కిటెక్టు వడ్రంగి భార్య మోచేయి పట్టుకుని నడిపిస్తున్నాడు.

"రా చెల్లెమ్మా. నీ కుర్చీ నువ్వు తీసుకో. బాకీ తీరిపోయింది."

ఆమె భర్త కోసం వెతికి, కనిపించగానే 'చెప్పానా' అన్నట్టు తల ఊపింది. సొంత కుర్చీయే కదా అని, వెనక్కి చూసుకోకుండా, బరువంతా వదిలేసి కూర్చుంది.