పడవ ఒడ్డు చేరేదాకా

శుక్రవారం మధ్యాహ్నం లింగన్న సంచి జిప్పు లాగాడు.

ఆ అరబ్బు దీవిలో, సల్మాబాద్ లేబర్ క్యాంపు గదిలో అందరూ అన్నాలు తిని మంచాల మీద వాలారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిందే.

నాలుగేళ్లయినా కఫీల్, వీసా ఇచ్చిన యజమాని, సెలవివ్వడం లేదు. పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉంది. ఊళ్లో కూతురు ఉమారాణికి మూడేళ్లు నిండాయి. తండ్రి మొహం ఎరగదు. విసిగిపోయిన లింగన్న కంపెనీ వదిలేసి, హమద్ టౌన్‌లో దొంగచాటు పనికి పోతున్నాడు.

"మెక్సికోలో నేనూ ఇలాగే సంచి సర్దుకున్నాను," అన్నాడు మూల మంచం మీది సోమరాజు.

అతను కంపెనీ మనిషి కాదు. పక్క గ్యారేజీలో కార్లు కడుగుతాడు. కాకినాడ వైపు వాడు. గదిలో అందరికన్నా పాతవాడైన మంగరాజే తన ఊరివాడని అతనికి చోటిచ్చాడు.

"మెక్సికోనా? అదేడున్నదన్నా?"

"సముద్రాలవతల. బస్సులో వెళ్తుంటే ఎడం పక్కంతా నీళ్లే. ఓ చోట బస్సు చెడిపోయింది. సైకిళ్లెక్కాం."

ఐదు నిమిషాలు విని పోదామనుకుని లింగన్న సంచి కింద పెట్టాడు.

సోమరాజు గొంతు మెత్తగా సాగింది. కొబ్బరిచెట్ల దారి, సైకిలు వెంట పరిగెత్తే కుక్క, రాళ్ల మీద వరసగా కూచున్న గూడబాతులు. ఆకలేస్తే ఎవరో ముసలావిడ పెనం మీంచి తీసి మొక్కజొన్న రొట్టె పెట్టిందట.

"మక్క రొట్టెనా? మా అవ్వ చేస్తది."

"అదేనయ్యా. మిరపకాయలు నూరిన పచ్చడితో."

ఏసీ గరగరమంటోంది. సముద్రపు ఒడ్డున ఎన్నడూ నిలబడని లింగన్నకి గదిలో ఉప్పుగాలి తిరిగినట్టే ఉంది.

"తర్వాత?"

"పడవెక్కాం. మడ అడవిలో దారి తప్పాం. మిగతాది వచ్చే శుక్రవారం."

"పోయేటోన్ని గిట్ల ఆపుడేందన్నా?"

"వెళ్దువుగానిలే. పడవ ఒడ్డు చేరనీ."

ఆ పడవ ఓ పట్టాన చేరలేదు. ఒక వారం బురదలో కూరుకుపోయింది. ఇంకో వారం తెరచాప చిరిగింది. ప్రతి శుక్రవారం లింగన్న సంచి సర్దేవాడు, కథ విని మళ్లీ మంచం కిందకి తోసేవాడు. డ్యూటీలో ఇనుము మోస్తున్నా కళ్ల ముందు ఆ నీళ్లే. ఉమారాణి ఆ పడవలో కూచున్నట్టు కల కూడా వచ్చింది. మొహం మాత్రం కనబడలేదు.

పదకొండో వారం కఫీల్ పిలిచాడు. పాస్‌పోర్టు, టికెట్టు చేతిలో పెట్టి "యల్లా", ఇక బయల్దేరు, అన్నాడు.

ఎవరు ఊరికి పోతున్నా గదంతా కలిసి ఎయిర్‌పోర్టు దాకా వెళ్లి సాగనంపడం ఆ క్యాంపులో ఆనవాయితీ. అందరూ వ్యానెక్కారు. సోమరాజు గేటు దగ్గరే ఆగిపోయాడు.

"రాన్నా."

"ఎండగా ఉందయ్యా. మీరెళ్లండి."

లింగన్నకి ఒళ్లు మండింది. "మెక్సికో దాకా పోయినోనివి, ఎయిర్‌పోర్టు దాకా రాలేవా? పదకొండు వారాలు ముచ్చట్లతోని కూసోవెట్టినవ్. నీ పడవ ఒడ్డుకొచ్చిందా లేదా, గదన్న చెప్పు."

"వచ్చేసింది లింగన్నా," అన్నాడు సోమరాజు. చేతిలో ఓ పొట్లం పెట్టాడు. "పాపకివ్వు."

లింగన్న మళ్లీ అతని వంక చూడలేదు. వ్యాను పెద్దరోడ్డెక్కాక పొట్లం విప్పాడు.

అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం. నిండా ఫోటోలు. సముద్రం పక్కన బస్సు, సైకిళ్లు, కుక్క, గూడబాతులు, పెనం ముందు ముసలావిడ, మడ చెట్ల మధ్య పడవ. బస్సులో, సైకిళ్ల మీద అందరూ తెల్లవాళ్లే. సోమరాజు ఎక్కడా లేడు.

"గీ బొమ్మలు సూసి చెప్పిండా? ఎంత అబద్ధాలకోరే," అని లింగన్న నవ్వాడు.

మంగరాజు నవ్వలేదు. "కారు కడుగుతుంటే ఎవరో దొరసాని ఇచ్చిందంట. ఏళ్లతరబడి పెట్టెలోనే ఉంది. నువ్వు సంచి సర్దిన్రోజే బయటికి తీశాడు."

"మరి ఎయిర్‌పోర్టుకు ఎందుకు రాడు?"

"అక్కడ పోలీసులు గుర్తింపు కార్డడుగుతారు. ఆడికి లేదు."

"ఎందుకు లేదు?"

మంగరాజు పుస్తకం మూసి లింగన్న ఒళ్లో పెట్టాడు.

"పదేళ్ల కిందట ఓ శుక్రవారం, నీలాగే సంచి సర్దుకుని కఫీల్ దగ్గర్నుంచి పారిపోయాడు లింగన్నా, కఫీల్ కార్డు రద్దు చేయించాడు, అప్పట్నుంచి ఈ దీవి దాటలేదు, పన్నెండేళ్ల కూతుర్ని ఇంకా చూడలేదు."